నేల విడిచినది మొదలు నేల తాకేవరకు

హౌరా నుండి చెన్నై వైపు వచ్చే రైలు ఒడిశాను దాటి ఇచ్ఛాపురము వద్ద మన రాష్ట్రములో ప్రవేశించిన కొంతసేపటికి, ఎటు చూచినా చెట్లే కనబడే ప్రాంతము ఒకటి వస్తుంది. పడమట మహేంద్రగిరి వరుస, తూర్పున బంగాళాఖాతము, ఈ రెంటి నడుమ ఇసుకనేల మీద కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములను కలిపి ఉద్దానము అంటారు. ఉద్యానవనము అన్న మాటే ప్రజల నోట నలిగి ఉద్దానము అయినదని ఇక్కడి పెద్దలు చెబుతారు. ఆ పేరు ఈ నేలకు తగినదే.

ప్రియ పాఠకులారా, ఈ తోటలను గూర్చి వ్రాసినవారు అనేకులు. అయితే ఈసారి మేము పలాస నుండి సముద్రతీరమునకు, అక్కడనుండి టెక్కలికి ప్రయాణము చేసినప్పుడు, చెట్లకంటె చెట్లెక్కే మనుషులే మా మనస్సులో నిలిచిపోయారు. వారిని గూర్చియే ఈ నాలుగు మాటలు.

పలాసలో రైలు దిగి కాశీబుగ్గ వైపు నడిస్తే, గాలిలోనే జీడిపప్పు వాసన వస్తుంది. పిక్కలను కాల్చే లేక ఉడికించే బట్టీలు, పిక్క కొట్టే షెడ్లు, పప్పు మీది పొర తీసే స్త్రీలు, డబ్బాలలో నింపే దుకాణములు, ఇవన్నీ ఈ జంట పట్టణములకు అన్నము పెట్టుచున్నవి. పిక్కలోని జీడినూనె చర్మమును కాల్చుతుంది గనుక ఈ పని చేసే అక్కచెల్లెళ్ల వ్రేళ్లు నల్లబడి, పొరలు లేచి ఉంటాయి. పోర్చుగీసువారు బ్రెజిలు నుండి తెచ్చిన ఈ చెట్టు మన తీరపు ఇసుకలో ఇంతగా వేరూనినది.

జీడిమామిడిది ఒక సుగుణము ఉన్నది. పండు పక్వమైనప్పుడు పిక్కతో సహా తానే నేలమీద రాలుతుంది. పిల్లలు, ముసలివారు కూడ ఏరుకొనవచ్చును. కొబ్బరి ఆలాగు కాదు. ముదిరి ఎండిన కాయ ఎప్పుడో తానుగా రాలవచ్చును గాని, సరియైన అదనులో గెల కావలెనంటే మనిషి దాని తల దగ్గరకు వెళ్లవలసినదే. నలభై, యాభై అడుగుల ఎత్తున, కొమ్మ అనేది లేని నున్నని మాను మీద, ఏడాదికి అనేక పర్యాయములు ఎవరో ఒకరు ఎక్కవలెను. ఉద్దానపు కొబ్బరి లారీలకెక్కి ఎంత దూరము పోయినా, దాని మొదటి ప్రయాణము మాత్రము ఒక మనిషి ప్రాణము మీద ఆధారపడియున్నది.

పలాస నుండి వజ్రపుకొత్తూరు వైపు వెళ్లే దారిలో తోటల నడుమ అక్కడక్కడ ఖాళీలు కనబడ్డాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఈ తీరముననే నేలను తాకినది. గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో, మధ్య మధ్య 165 వరకు వీచిన గాలికి లక్షలాది కొబ్బరిచెట్లు కూలిపోయాయి. తాతలు నాటిన చెట్లను మనుమలు ఒక్క ఉదయమున పోగొట్టుకొన్నారు. పొడవు రకపు కొబ్బరి నాటిన ఆరేడు సంవత్సరములకు గాని కాపుకు రాదు. తుఫాను తరువాత నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే గెలలు వేయుచున్నవి. కాని ఆ ఆరేడేండ్లు కూలి లేక విశాఖపట్నము, హైదరాబాదు, చెన్నై వెళ్లిన యువకులలో అనేకులు తిరిగి రాలేదు. చెట్టు మరల లేచినది గాని, చెట్టెక్కేవాడు తరిగిపోయాడు. ఈ ప్రాంతములో అనేక కుటుంబములను పట్టి పీడించే మూత్రపిండముల వ్యాధి కూడ కష్టపడే దేహములను ముందుగానే క్రుంగదీయుచున్నది.

తీరమునకు సమీపముననున్న ఒక తోటలో కాయలు దింపుచున్న ఒక పెద్దాయనను చూచి ఆగాము. అరువది ఏండ్లు దాటిన మనిషి. పాదములకు బందము వేసుకొని, రెండు చేతులతో మానును కౌగిలించుకొని, కప్ప ముడుచుకొని సాగినట్లుగా పైకి వెళ్లాడు. నడుము వెనుక కత్తి. గెల దగ్గర ఒక చేయి మట్టకు తగిలించి, రెండవ చేతితో కత్తి తీసి, ముదిరిన గెలను తట్టి చూచి నరికాడు. క్రింద దబ్బున శబ్దము. ఎండిన మట్టలు కూడ కోసి పడవేసి, చెట్టు తల శుభ్రము చేసి దిగాడు. ఇంతా జరుగుటకు మేము ఒక గ్లాసు నీళ్లు త్రాగినంత సేపే పట్టినట్లు అనిపించినది. ఆయన దేహమునకు, ఆ చెట్టుకు మధ్య కట్టిన త్రాడు మాత్రము ఒక్కటియు లేదు.

అప్పుడు మాకు మా మేనల్లుడు పంపిన బొమ్మలు జ్ఞాపకము వచ్చాయి. అతడు అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రములో ఉద్యోగము చేయుచున్నాడు. అక్కడ లైసెన్సు పొందినవారు నిర్ణీత కాలములో జింకలను వేటాడుట చట్టసమ్మతము. జింక మనిషిని వాసనతోను, కదలికతోను పసిగడుతుంది గనుక, వేటగాండ్రు చెట్టు మీద ఇరువది అడుగుల ఎత్తున కూర్చుండి గంటల తరబడి కాచుకొంటారు. అందుకొరకు చెట్టుతోపాటు తానే ప్రాకే ఒక పీటను వారు వాడుకొంటారు. పొరుగింటివాడు ఆ పీట మీద చెట్టెక్కడము చూచి, మేనల్లుడు ఫోనులో వీడియో తీసి మాకు పంపాడు. దానిని ఆ పెద్దాయనకు చూపించాము.

అందులో రెండు ముక్కలు ఉంటాయి. పైది కూర్చునే పీట, క్రిందిది నిలబడే పలక. ఒక్కొక్కదానికి ఉక్కుతీగతో చేసిన పట్టీ ఉన్నది. దానిని చెట్టు చుట్టూ త్రిప్పి బిగిస్తారు. మనిషి బరువు మీద పడగానే పీట ముందుకు వంగుతుంది. అప్పుడు చెట్టుకు ఆనియున్న పండ్లవంటి అంచు ఈ వైపునుండి, పట్టీ ఆ వైపునుండి మానును గట్టిగా కరచుకొంటాయి. బరువు తీస్తే పట్టు వదులుతుంది. గనుక పై పీట మీద కూర్చుండి, పాదములతో క్రింది పలకను పైకి లాగుకొంటారు. తరువాత ఆ పలక మీద నిలబడి పై పీటను ఇంకొంత ఎత్తుకు జరుపుకొంటారు. కూర్చుండుట, నిలబడుట, గొంగళిపురుగు నడిచినట్లు ఆలాగే పైకి పోవుదురు. కొమ్మలు లేని తిన్నని చెట్టు మాత్రమే దీనికి పనికివస్తుంది.

పెద్దాయన ఫోనును కంటికి దగ్గరగా పెట్టుకొని రెండుసార్లు చూచాడు. నవ్వి, "అయ్యగారూ, మా బందము కూడా ఇంతే గదండి. బరువుంటేనే పట్టు. బరువు తీసినావా, జారిపోద్ది. మనకి కాయ కావాల గానీ కుర్చీ ఎందుకు?" అన్నాడు. మరల ఒకసారి చూచి, "ఇదేటి, ఈ ఈపు వెనక తాడు?" అని అడిగాడు.

అదే అసలైన ప్రశ్న. వేటగాని భుజములకు, తొడలకు, రొమ్ముకు పట్టీలు వేసి, వెనుక నుండి ఒక త్రాడు చెట్టుకు కట్టియున్నది. అమెరికాలో వేటకు వెళ్లి గాయపడేవారిలో తుపాకి గుండు తగిలినవారే కాక, చెట్టు మీదనుండి పడినవారు కూడ అనేకులు. నిద్ర తూగి పడినవారు, పట్టీ తెగి పడినవారు, ఎక్కునప్పుడును దిగునప్పుడును కాలు జారినవారు అందులో ఉన్నారు. అందుచేత అక్కడ నేర్పించే మొదటి పాఠము ఇదే: నేల విడిచినది మొదలు నేల తాకేవరకు చెట్టుకు కట్టుకొనియే ఉండుము. పైకి చేరిన తరువాత కట్టుకొంటే చాలదు. ఎక్కేటప్పుడే ప్రమాదము ఎక్కువ.

ఆ యంత్రము మన దేశమునకు క్రొత్తది కాదు. కేరళలోని చెంబేరికి చెందిన జోసెఫ్ అనే రైతు కొబ్బరిచెట్టు ఎక్కుటకు ఇదే సూత్రముతో ఇనుప పరికరమును తయారుచేశాడు. ఆ ఊరి పేరుతోనే అది ప్రసిద్ధి చెందినది. దానిలో రెండు చట్రములు, రెండు ఉక్కుతీగలు, రెండు పాదములకు రెండు ఆధారములు ఉంటాయి. మెట్లెక్కినట్లు ఒకటి తరువాత ఒకటి జరుపుకొంటూ పోవచ్చును. కాసరగోడులోని కేంద్ర తోటపంటల పరిశోధనా సంస్థవారు దానికి భద్రతా పట్టీ జోడించారు. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో 'కొబ్బరిచెట్టు స్నేహితులు' అనే అర్థమిచ్చే పేరుతో శిక్షణ ప్రారంభించి, ఆ పరికరముతో చెట్టెక్కుట యువకులకు నేర్పించినది. కేరళలో స్త్రీలు కూడ ఆ శిక్షణ పొంది ధైర్యముగా చెట్లెక్కారు.

పెద్దాయనకు ఇది చెప్పినప్పుడు ఆయన లెక్క ఆయన చెప్పాడు. ఒక్కొక్క చెట్టుకు బిగించుట, విప్పుట, మోసుకొనిపోవుటకే సమయము పోతుంది. ఉత్త కాళ్లతో అయితే అదే సమయములో ఎన్నో చెట్లు ఎక్కవచ్చును. సముద్రపు గాలికి ఒరిగిన చెట్లకు ఆ యంత్రము సరిగా కుదరదు. చెట్టుకింత అని కూలి తీసుకొనేవానికి నిమిషము కూడ డబ్బే. ఆయన మాట న్యాయమైనదే. అయితే యంత్రము వేరు, నడుముకు కట్టుకొనే త్రాడు వేరు. యంత్రము లేకపోయినా త్రాడు ఉండవచ్చును.

ఈ విషయములో ఆ వేటగాండ్ర అలవాట్లలో మన తోటలకు పనికివచ్చేవి కొన్ని ఉన్నాయి. వారు తుపాకి పట్టుకొని ఎక్కరు. గుండ్లు తీసివేసి, క్రింద ఉంచి, పైన కుదురుకొన్న తరువాత త్రాటితో పైకి లాగుకొంటారు. మనవారు కత్తిని ఒర లేకుండ నడుమున దోపుకొని ఎక్కుతారు. జారినప్పుడు చెట్టుకంటె కత్తియే ఎక్కువ గాయము చేయును. తోలు ఒర ఒకటి కుట్టించుట పెద్ద ఖర్చు కాదు. వారు పై పీటను, క్రింది పలకను ఒక చిన్న త్రాటితో కలిపి ఉంచుతారు. లేనియెడల కాలి క్రింది పలక జారి పడిపోతే మనిషి పైన చిక్కుకొంటాడు. ప్రతి సంవత్సరము పట్టీలను, తీగలను పరీక్షించి, నలిగినవాటిని పారవేస్తారు. ఎండకు, ఉప్పుగాలికి మన త్రాళ్లు ఇంకను త్వరగా చెడిపోవును. వర్షములో నానిన మాను మీద ఎక్కరు. అన్నిటికంటె ముఖ్యముగా, ఏ చెట్టు దగ్గర ఉంటారో ఇంటివారికి చెప్పి వెళ్తారు. పట్టీకి వ్రేలాడుచున్న మనిషిని ఎక్కువసేపు ఆలాగే విడిచిపెట్టినా ప్రమాదమే; రక్తము కాళ్లలో నిలిచిపోవును. గనుక క్రింద ఒక తోడు తప్పనిసరిగా ఉండవలెను.

తీరము విడిచి టెక్కలి వైపు వచ్చుచుండగా మాతోనున్న యువకుడొకడు, "మన దగ్గర కూడా చెట్టుమీద కూర్చుని వేటాడేవారా?" అని అడిగాడు. ఆడేవారు. పంట కాచుటకు పొలములో మంచె, అడవిమృగము కొరకు చెట్టు మీద మాటు, ఈ రెండును మన పూర్వులకు తెలిసినవే. జమీందారులు, దొరలు మంచెల మీద కూర్చుండి వేటాడిన కాలము ఒకటుండెను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి అడ్డుకట్ట వేసినది. వేటకు లైసెన్సులిచ్చే నిబంధనలను 1991 సవరణతో తీసివేశారు. కృష్ణజింక మన ఆంధ్ర రాష్ట్ర జంతువు. నేడు మన దేశములో జింకను వేటాడుట నేరము. అమెరికాలో ఆ పీట వేటకు పోవచ్చును గాని, మన నేలమీద అది కాయకొరకే.

ఇంకొక సంగతి కూడ చెప్పవలెను. ఎత్తున ఉంటే మృగము నుండి క్షేమము అని అందరు తలంచుతారు. ఉద్దానములో తిరిగే ఎలుగుబంటి చెట్టెక్కుటలో ఆరితేరినది. వేసవిలో జీడిమామిడి, పనస పండే కాలమున అవి తోటలలోనికి వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలము కిడిసింగి పరిసరములలో ఎలుగుబంటి దాడిచేయగా ఒకరు మరణించారు, పలువురు గాయపడ్డారు. మత్తుమందు ఇచ్చి పట్టుకొనిన తరువాత ఆ ఎలుగుబంటి కూడ చనిపోయినది. కొండల మీద నీరు, ఆహారము తగ్గినప్పుడు మృగము తోటకు దిగును. కూలి తగ్గినప్పుడు మనిషి పట్టణమునకు పోవును. తెల్లవారకముందే ఒంటరిగా తోటకు వెళ్లకుండుట, ఇద్దరు ముగ్గురు కలిసి చప్పుడు చేసికొంటూ వెళ్లుట మంచిది.

టెక్కలి మండలములో నౌపడకు దగ్గరగా తేలినీలాపురము అనే ఊరు ఉన్నది. అక్కడ ఎత్తైన చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకొని పిల్లలను పొదుగుతాయి. ఇవి సైబీరియా నుండి వస్తాయని చాలమంది అంటారు గాని, ఈ రెండు జాతులును మన ఉపఖండమునకు చెందినవే. వర్షకాలపు చివర వచ్చి, వేసవి ముందు వెళ్లిపోతాయి. పక్షులు వచ్చిన ఏడు ఊరికి మంచిదని గ్రామస్థుల నమ్మకము. ఇంటిముందరి చెట్టు మీద అవి చేసే అల్లరి, వాసన, మురికి సహించి, వాటి మీద రాయి వేయనియ్యరు. చెట్టు మీదికి చూచే చూపులో వేట మాత్రమే కాదు, కాపుదల కూడ ఉండగలదని ఆ ఊరు నేర్పుచున్నది.

అదే సాయంకాలము టెక్కలి దాటి ఒక పల్లెలో మేము ఒక ఇంటికి వెళ్లాము. ఇంటి యజమానికి నలభై ఏండ్లు నిండలేదు. మూడేండ్ల క్రిందట కొబ్బరిచెట్టు మీదనుండి పడ్డాడు. నడుము క్రింద స్పర్శ లేదు. నులకమంచము మీద పరచిన దుప్పటి శుభ్రముగా ఉన్నది. ఆయనను రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పుటకు పెద్ద కుమార్తె బడి మానుకొన్నది. భార్య పలాసకు పిక్కల పనికి వెళ్లి చీకటి పడిన తరువాత వస్తుంది. మేము వెళ్లినప్పుడు ఆమె ఇంకా రాలేదు. ఆయన మాతో అన్నమాట ఇది: "పడినప్పుడు నొప్పి తెలియనేదండి. ఒచ్చినోళ్లు నలుగురు కాళ్లు చేతులు పట్టుకొని ఎత్తినారు. అప్పుడు నడుములో ఏదో కటుక్కుమంది."

ఆ నలుగురు చేసినది ప్రేమతోనే చేశారు. కాని ఎత్తునుండి పడినవానిని ఆలాగు ఎత్తకూడదు. మెడ, వెన్ను కదలనియ్యకుండ, పడినచోటనే ఉంచి, 108కి ఫోను చేయవలెను. కదల్చక తప్పని పరిస్థితి వస్తే, బల్లనో తలుపునో ప్రక్కన పెట్టి, తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా నలుగురు కలిసి ఒక్కసారిగా దానిమీదికి చేర్చవలెను. ఈ మాట ప్రతి తోటలోను, ప్రతి పల్లెలోను తెలిసియుండవలెను. వెన్నుపూసకు తగిలిన దెబ్బ కొన్నిసార్లు పడుటవలన కంటె, మోయుటవలన పెద్దదగును.

ధర్మశాస్త్రములో ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది. క్రొత్త ఇల్లు కట్టేవాడు దాని మీదనుండి ఎవరును పడకుండ పైకప్పుకు పిట్టగోడ కట్టవలెను. కట్టనియెడల పడినవాని రక్తదోషము ఆ ఇంటిమీద నిలుచునని అక్కడ వ్రాయబడియున్నది. పడినవాని అజాగ్రత్తను గూర్చి అక్కడ ఒక్క మాటయు లేదు. బాధ్యత ఇంటి యజమానిది. కొబ్బరితోటకు యజమాని ఉన్నాడు, కాయ కొనే వ్యాపారి ఉన్నాడు, తినే మనమున్నాము. త్రాడు కొనవలసిన భారము చెట్టుకింత కూలి తీసుకొనే ఒక్కని మీదనే పెట్టుట న్యాయమా?

తెలంగాణలో 2024 జూలై 14న అక్కడి ప్రభుత్వము గీత కార్మికులకు 'కాటమయ్య రక్షణ కవచం' అనే పేరుతో భద్రతా సామగ్రి ఇచ్చే పథకమును రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ప్రారంభించినది. తాటిచెట్టు ఎక్కేవానికి పనికివచ్చిన ఆలోచన కొబ్బరిచెట్టు ఎక్కేవానికి మాత్రము ఎందుకు పనికిరాదు? ప్రభుత్వము ఇచ్చేవరకు ఆగనవసరము లేదు. ఊరిలో పది తోటలవారు కలిసి రెండు నడుము పట్టీలు, మంచి త్రాళ్లు కొని, గ్రామములో ఒకచోట ఉంచవచ్చును. పట్టీ వేసుకొని ఎక్కినందున తగ్గిన చెట్ల లెక్కకు కూలి తగ్గించకుండ ఉండవచ్చును. ఒక తోట యజమాని ఒక సీజనులో అమ్మే కాయలలో అది ఎంత భాగము?

మేము ఆ ఇంటినుండి లేచునప్పుడు ఆయన భార్య వచ్చినది. నల్లబడిన వ్రేళ్లను కొంగుతో కప్పుకొని నమస్కరించి, "టీ తాగి ఎల్లండి అయ్యగారూ" అన్నది. పొయ్యి వెలిగించి, భర్తను ప్రక్కకు త్రిప్పి, కుమార్తెను చదువుకొమ్మని దీపము దగ్గర కూర్చుండబెట్టి, తరువాత టీ పెట్టినది. ఆ చిన్నది మూడేండ్ల క్రిందటి ఏడవ తరగతి పుస్తకమునే చదువుచున్నది.

ప్రియ పాఠకులారా, మీ పెరటిలో ఒక్క కొబ్బరిచెట్టే ఉండవచ్చును. నెలకో రెండు నెలలకో ఒకడు వచ్చి కాయలు దింపి, డబ్బు తీసుకొని పోవుచుండవచ్చును. ఈసారి అతడు వచ్చినప్పుడు ముందుగా కాయలెన్ని అని అడుగవద్దు. "త్రాడు ఉన్నదా, నాయనా?" అని అడుగుడి. లేదంటే, ఆ దినమున గెల చెట్టు మీదనే ఉండనియ్యుడి. త్రాడు తెచ్చిన తరువాత ఎక్కవచ్చును.